పని రోజులు సగమయ్యాయి, బాకీలు మాత్రం తగ్గలేదు. ముందు ఏది కట్టాలి?

విభాగం: ఇల్లు, ఖర్చులు, అప్పులు (విశాఖపట్నం)

గాజువాక గృహిణి
నవంబరు 3, 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదలు. మావారు ఒక పెద్ద ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద ఫిట్టరు. దసరా ముందు నుంచి సగం డ్యూటీలే వేస్తున్నారు. నెలకు 26 వేలు వచ్చే చోట 13 వేలు చేతికి వస్తున్నాయి. నేను ఇంట్లో మిషను కుడతాను. పండగల నెలలు తప్పిస్తే అది ఆరు వేలు దాటదు.

ఇంటద్దె 7,500. బ్యాంకు పర్సనల్ లోను వాయిదా 5,200, ఇంకా ఏడాదిన్నర ఉంది, అసలు 83 వేల దాకా తేలుతోంది. క్రెడిట్ కార్డు మీద 48 వేలు, మినిమం 2,400 కట్టుకుంటూ వస్తున్నాం. ఆడపడుచు పెళ్లికి నోటు రాసి తెచ్చిన లక్ష, రెండు రూపాయల వడ్డీ. లక్ష రూపాయల చీటీ, 20 నెలలది, 11 నెలలు కట్టాం, ఇంకా పాడలేదు. ఇవి కాక అత్తయ్యకి బీపీ, షుగరు మందులు. అమ్మాయి తొమ్మిదో తరగతి, బాబు ఐదు. ఇద్దరికీ కలిపి రెండో టర్ము ఫీజు 19 వేలు ఈ నెలాఖరులోగా కట్టమని స్కూలు నుంచి మెసేజి వచ్చింది.

బీరువాలో మూడు తులాల నగలున్నాయి. అమ్మేద్దాం అంటారు ఆయన. నాకు మనసు రావడం లేదు. అన్నిటికంటే భయం ఏంటంటే, ఆయన రాత్రిళ్లు పడుకోవడం లేదు. డాబా మీదకు వెళ్లి తిరుగుతారు. ఏంటండీ అంటే ఏం లేదులే అంటారు. ముందు ఏది కట్టాలి, ఏది ఆపాలి, తెలిసినవాళ్లు వరసగా చెప్పండి.

కంచరపాలెం ఆటో
నవంబరు 3, రాత్రి 10:05

అక్కా, మా ఈదిలో సగం ఇళ్లల్లో ఇదే కత. నాది షేరాటో. ఆగస్టు 15 నుంచి ఆడోళ్లకి బస్సు ఉచితం సేసినారు కదా, నాకు సగం బేరం పోనాది. అక్టోబరు 4న గవర్నమెంటోళ్లు ఏసిన 15 వేలు ఇన్సూరెన్సుకీ, ఫిట్‌నెస్సుకీ సరిపోనాయి. ఆ బస్సులోనే మా ఆవిడ పనికెల్తాది, నెలకి వెయ్యి పైన మిగుల్తాంది, ఆ మాటా సెప్పాల.

నాకు తెలిసింది ఒకటే. ముందు తిండి, అద్దె, పిల్లల సదువు. బేంకోడు ఫోన్ సేత్తే సేసుకోనీ. అన్నని ఒక్కడినీ ఒదిలీకు.

బ్యాంకు మాస్టారు
నవంబరు 4, ఉదయం 6:20

అమ్మా, ఏదీ దాచకుండా లెక్కంతా రాశారు కాబట్టి చెప్పడం తేలికైంది. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎక్కువ భాగం అప్పుల సీటులోనే కూర్చున్నాను. తిండి, అద్దె ముందు అన్న తమ్ముడి మాట నిజం. కానీ బ్యాంకు ఫోన్లు చేస్తుంటే ఊరుకోవడం మాత్రం వద్దు. వాయిదా తప్పాక వెళ్లేవాడికీ, తప్పకముందే వెళ్లేవాడికీ బ్రాంచిలో దొరికే మర్యాద వేరు.

ప్రతి అప్పునీ మన పాత లెక్కలోకి, నూటికి నెలకి ఎన్ని రూపాయలు అన్నదాంట్లోకి మార్చి చూడండి. కార్డు వడ్డీ నెలకు మూడున్నర అనుకుందాం. 48 వేలకు 1,680. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 302. మీరు కడుతున్న 2,400లో 1,980 పైగా ఇక్కడే పోయింది. అసలులో తరిగింది నాలుగు వందల చిల్లర. ఇలా కడితే ఏళ్లు పడుతుంది. నోటు అప్పు రెండు రూపాయలు, నెలకు 2,000 పోతున్నా లక్ష లక్షలాగే ఉంటుంది. పర్సనల్ లోను రూపాయి పావలా దగ్గర్లో ఉండాలి. బంగారం మీద బ్యాంకు ఇచ్చే అప్పు ఏడాదికి తొమ్మిది, పది శాతం. అంటే నెలకు ఎనభై పైసలు.

మూడున్నర రూపాయల అప్పు నెత్తిన పెట్టుకుని ఎనభై పైసలకు అప్పు పుట్టే వస్తువును బీరువాలో ఉంచడం వల్ల మీకు నెలనెలా నష్టమే. అమ్మొద్దు. తాకట్టు పెట్టండి, అదీ బ్యాంకులోనే. వచ్చిన డబ్బుతో ముందు కార్డు పూర్తిగా మూసేయండి. తరవాత నోటు. చేతిలో ఇంకా వీలుంటే పర్సనల్ లోను కూడా. దాన్ని ముందే తీర్చేస్తే ఛార్జీ ఎంత పడుతుందో అడిగాకే ఆ పని చేయండి.

నోటు తీర్చిన రోజు వట్టి చేతులతో ఇంటికి రావద్దు. నోటు వెనక చెల్లు రాయించుకుని, సంతకం పెట్టించి, ఆ నోటు మీరే తెచ్చుకోండి.

సీతమ్మధార శ్రీమతి
నవంబరు 4, ఉదయం 8:15

మాస్టారు గారి మీద గౌరవంతోనే ఒక మాట. తాకట్టు పెట్టిన నగ మళ్లీ ఇంటికి రావడం మా చుట్టాల్లో ఎక్కువ ఇళ్లలో చూడలేదు. పేపరులో రోజూ పేజీల కొద్దీ వేలం ప్రకటనలు ఎవరివి? ఇలా ఇంకో అప్పు తీర్చడానికి పెట్టినవాళ్లవే. బంగారం తులం లక్ష దాటింది ఈ ఏడాదిలోనే. ఇంత రేటు ఉన్నప్పుడు ఒక తులం అమ్మి కార్డు గొడవ వదిలించుకుంటే వడ్డీ అన్న మాటే ఉండదు. ఆదాయం సగమైనవాళ్లు కొత్త అప్పు చేయకూడదు. నేను గట్టిగానే అంటున్నాను.

బ్యాంకు మాస్టారు
నవంబరు 4, ఉదయం 9:30

శ్రీమతి గారి భయం ఒట్టి భయం కాదు. చాలా బంగారం లోన్లకు గడువు ఏడాది. ఏడాది చివర అసలు, వడ్డీ కలిపి ఒకేసారి కట్టాలి. ఆ తేదీ మరిచిపోయినవాళ్ల నగలే వేలానికి వెళ్తాయి. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం విలువలో చాలా భాగం దాకా ఇవ్వొచ్చు, ఇస్తామంటారు కూడా. మీరు సగానికి మించి తీసుకోవద్దు. రేటు పడినా అప్పుడు మీ నగకు ఏమీ కాదు. ఓవర్‌డ్రాఫ్టు పద్ధతిలో బంగారం లోను ఇచ్చే బ్యాంకులున్నాయి. చేతిలో వెయ్యి ఆడితే వెయ్యి, రెండు వేలు ఆడితే రెండు వేలు అసలులో వేసుకోవచ్చు. దాని కోసం అడగండి.

అమ్మడం పూర్తిగా తప్పని నేను అనను. వంకీలు, విరిగిన కమ్మలు, వాడని ముక్కలు ఉంటే అమ్మండి. గాజులు, గొలుసు అమ్మితే మళ్లీ చేయించుకునేటప్పుడు తరుగు, మజూరీ, జీఎస్టీ మీ మీదే పడతాయి.

డాబాగార్డెన్స్ గుమస్తా
నవంబరు 4, మధ్యాహ్నం 1:10

చీటీ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. నేను చిట్‌ఫండ్ ఆఫీసులో పనిచేస్తాను, ఏ కంపెనీయో అడక్కండి. అక్కా, ఆ చీటీ ఈ నెలే పాడండి.

చివరి దాకా ఆగితే కంపెనీ కమీషను అయిదు వేలు పోను 95 వేలు వస్తాయి. ఇప్పుడు పాడితే, పాట ఎంత దాకా పోతుందో మీ గ్రూపును బట్టి ఉంటుంది, 12 వేలకు తెగిందనుకోండి, చేతికి 88 వేలు. తేడా ఏడు వేలు. ఆ 88 వేలు నోటు అప్పులో కడితే రెండు రూపాయల లెక్కన నెలకు 1,760 వడ్డీ ఆగిపోతుంది. మిగిలిన తొమ్మిది నెలలకు 15,840. ఏడు వేలు వదులుకుంటే పదహారు వేలు మిగులుతున్నాయి. పాట 20 వేల దాకా ఎక్కితే మాత్రం ఆ నెల వదిలేయండి, లాభం ఉండదు.

ఒక చిక్కు ఉంది. పాడాక కంపెనీ హామీదారులను అడుగుతుంది. మీరు కట్టాల్సింది ఇంకా 45 వేలు కాబట్టి ఆ మేరకు చాలు. ప్రభుత్వ ఉద్యోగి సంతకం దొరక్కపోతే ఫిక్స్‌డ్ డిపాజిట్టు రశీదు పెట్టుకునే చోట్లున్నాయి, అడగండి. పాట కాగితం మీద సంతకం పెట్టకముందే హామీకి ఏం కావాలో రాతపూర్వకంగా తీసుకోండి. పాట అయ్యాక డబ్బు ఆపేసి తిప్పే వాళ్లూ ఉన్నారు.

ఇది రిజిస్టరు చీటీయేనా? 1982 చట్టం కింద నమోదైన చీటీ అయితే పాస్‌బుక్కు, రశీదులు, పాట మినిట్స్ ఉంటాయి. వీధిలో ఒకరి దగ్గర వేసే ఇంటి చీటీ అయితే నా లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు డబ్బు బయటకు తెచ్చుకోండి. పనులు తగ్గిన కాలంలోనే ఇంటి చీటీలు కూలేది.

గాజువాక గృహిణి
నవంబరు 4, మధ్యాహ్నం 3:00

కంపెనీ చీటీయే తమ్ముడూ, పాస్‌బుక్కు ఉంది. మా చిన్నాన్న పోర్టులో చేస్తారు, సంతకానికి ఆయన్ని అడుగుతాను. ఇంత వివరంగా నాకు ఎవరూ చెప్పలేదు.

రోజుకో మాట
నవంబరు 4, సాయంత్రం 4:45

(ఈ వ్యాఖ్య తొలగించబడింది.)

నిర్వాహకులు
నవంబరు 4, సాయంత్రం 5:00

ఏ పార్టీ వల్ల ఎవరి ఉద్యోగం పోయిందన్న చర్చకు వేరే విభాగం ఉంది. ఇక్కడ ఒక ఇంటి లెక్క సరిచేస్తున్నాం. దయచేసి దారి మళ్లించకండి.

ఆరిలోవ నర్సమ్మ
నవంబరు 4, రాత్రి 8:30

లెక్కలు మాస్టారు చూసుకుంటారు. నేను మీవారి గురించి రాస్తాను.

నిద్ర లేకపోవడం, తిండి తగ్గడం, అడిగితే మాట దాటేయడం, ఇవి రెండు వారాలు దాటితే తేలిగ్గా తీసుకోకండి. "మీరేం దిగులు పడకండి" అంటే ఆయన ఇంకా లోపలికి పోతారు. కాగితం, పెన్ను పెట్టుకుని పక్కన కూర్చోండి. అప్పులన్నీ ఆయన చేతే రాయించండి. మగవాళ్లు చాలామందికి బాధ చెప్పుకోవడం రాదు కానీ లెక్క చెప్పమంటే చెబుతారు, అందులోంచే మాట బయటకు వస్తుంది. ఆ కాగితంలో మీకు తెలియని అప్పు ఒకటి బయటపడొచ్చు. ఆ నిమిషంలో గొడవ పెట్టుకోకండి, నా మాట వినండి. ఆ రోజు గొడవ అయితే ఇక ఎప్పటికీ చెప్పరు.

14416 టెలిమానస్ నంబరు, మనసు బాధలకు సలహా ఇచ్చేది. కేంద్ర ప్రభుత్వానిది, ఉచితం, రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. "నేను లేకపోతే మీకు బాగుండు" లాంటి మాట ఆయన నోటి నుంచి ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయొద్దు. ఒంటరిగా వదలకండి, పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు గానీ, చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి గానీ తీసుకెళ్లండి.

అత్తయ్య గారి మందులు మీ దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. బీపీకి, షుగరుకి మామూలుగా వాడే బిళ్లలు అక్కడ ఉంటాయి. లేనివి జనౌషధి (తక్కువ ధర మందుల) షాపులో తీసుకోండి. మందుల చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాసిమ్మని డాక్టరును అడగండి. ఖర్చు తగ్గాలని మందు రోజు మార్చి రోజు వేయడం మాత్రం వద్దమ్మా. వార్డులో పక్షవాతంతో వచ్చేవాళ్లలో అలా చేసినవాళ్లను చూస్తూనే ఉంటాను.

మధురవాడ టెకీ
నవంబరు 4, రాత్రి 10:20

నాకు ఇంకా జీతం వస్తోంది. మా కంపెనీలో ప్రాజెక్టు లేక బెంచి మీద ఉన్నవాళ్లను పంపించేస్తున్నారు, నా వంతు ఎప్పుడో తెలియదు. హోమ్ లోను 31 లక్షలు, 2018లో తీసుకున్నది. రెపో (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు) తగ్గిందని అందరూ అంటున్నారు, నా వాయిదా పెద్దగా మారలేదు. ఇప్పుడే ఏం చేసుకోవాలి?

బ్యాంకు మాస్టారు
నవంబరు 5, ఉదయం 6:10

బాబూ, రెపో ఫిబ్రవరి మొదట్లో 6.50 ఉండేది, జూన్ నాటికి 5.50కి దిగింది. 2019 అక్టోబరు తరవాత ఇచ్చిన హోమ్ లోన్లు బయటి రేటుకు ముడిపడి ఉంటాయి, వాటికి తగ్గింపు త్వరగా అందుతుంది. మీది అంతకు ముందుది, ఎంసీఎల్ఆర్ లెక్కలో, అంటే బ్యాంకు తన ఖర్చును బట్టి వేసుకునే రేటులో ఉండి ఉంటుంది. బ్రాంచికి వెళ్లి రెపో రేటుకు మార్చమని దరఖాస్తు పెట్టండి, కొద్దిపాటి ఫీజు ఉంటుంది. ఉద్యోగం ఉండగానే చేయండి, జీతం ఆగాక లోను మార్చుకుందామన్నా వేరే బ్యాంకు మీ ఫైలు ముట్టుకోదు.

మామూలుగా వడ్డీ తగ్గితే వాయిదా అలాగే ఉంచి కాలం తగ్గించుకోమంటాను. మీ పరిస్థితిలో తిరగేసి చెబుతున్నాను. వాయిదా తగ్గించుకోండి, మిగిలింది విడిగా దాచండి. ఆరు నెలల వాయిదాలు పక్కన పడేదాకా లోనులో అదనంగా ఒక్క రూపాయి కూడా కట్టకండి. బ్యాంకుకు కట్టిన డబ్బు ఉద్యోగం పోయిన రోజు తిరిగి అడిగితే ఇవ్వరు. మూడు వాయిదాలు వరసగా తప్పి 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ అవుతుంది, తరవాత 60 రోజుల నోటీసు వస్తుంది. అందాకా వెళ్లకుండా ఉండాలంటే చేతిలో డబ్బుండాలి.

భీమిలి రోడ్డు చెల్లి
నవంబరు 5, మధ్యాహ్నం 12:40

నేను రొయ్యల షెడ్డులో చేస్తాను. తలలు తీసి, తొక్క ఒలిచి, నరం లాగాలి, కిలో లెక్కన కూలి. చేతులు ఐసునీళ్లలోనే ఉంటాయి, గ్లౌజు లోపల వేళ్లు తెల్లగా నానిపోతాయి. ఆగస్టు 27న అమెరికా సుంకం 50 శాతం అయిన కాడి నుంచి పెద్ద సైజు సరుకు అడిగేవాళ్లు తగ్గారని మేస్త్రీ అంటాడు. రెండు షిఫ్టులు ఒకటయ్యాయి. పొద్దున్నే వ్యాను ఎక్కించుకుని తీసుకెళ్లి, సరుకు రాలేదని పదింటికి వెనక్కి పంపేస్తారు. ఆ రోజుకు కూలి లేదు. మొంథా తుఫాను వారం అయితే అసలు వ్యానే రాలేదు.

అక్కా, నువ్వు డ్వాక్రా సంఘంలో ఉన్నావా? మా సంఘంలో పది మందిమి. ఒకరికి కుదరని నెల మిగతావాళ్లం వేసి కట్టేస్తాం, అందుకే బ్యాంకులో మా పేరు చెడలేదు. లేకపోతే వార్డు సచివాలయంలో అడిగి, పట్నాల్లో ఈ సంఘాలు చూసే మెప్మా వాళ్ల ద్వారా చేరు. ఈ నెలే లోను రాదు కానీ వచ్చే ఏడాదికి రెండు రూపాయల వడ్డీకి ఎవరి గుమ్మమూ ఎక్కక్కర్లేదు.

బియ్యం కార్డు ఉంటే బియ్యం మానొద్దు. కొందరు పది రూపాయలకు అమ్మేస్తారు, అదే ఇంటికొచ్చి 50 పెట్టి కొంటారు. కూరలు గాజువాక రైతుబజారులో మూసే వేళకు వెళ్తే సగానికిస్తారు, ఆకుకూర తప్ప మిగతావి బాగానే ఉంటాయి. దీపం పథకం సిలిండరు డబ్బులు మీ ఖాతాలో పడుతున్నాయో లేదో చూసుకో.

మల్కాపురం కుర్రోడు
నవంబరు 5, రాత్రి 11:50

ఇక్కడ అడగొచ్చో లేదో. ఫోనులో యాప్ లోను 8 వేలు తీసుకున్నా. చేతికి 5,200 ఇచ్చారు. వారానికే మొత్తం కట్టమన్నారు. అది తీర్చడానికి ఇంకో యాప్, దానికి ఇంకోటి. ఇప్పుడు 40 వేలు అంటున్నారు. నా కాంటాక్టుల్లో అందరికీ మెసేజిలు పెడతామంటున్నారు. మా నాన్నకి తెలిస్తే ఏమవుతుందో. నిద్ర లేదు.

ఆరిలోవ నర్సమ్మ
నవంబరు 5, రాత్రి 11:58

తమ్ముడూ, ఇప్పుడు ఎక్కడున్నావు? ఇంట్లోనేనా? 14416కి ఇప్పుడే ఫోన్ చెయ్యి, రాత్రయినా ఎత్తుతారు. నేను లైన్లోనే ఉన్నా, చేశాక ఇక్కడ రాయి.

కోర్టు వీధి ప్లీడరు
నవంబరు 6, అర్ధరాత్రి 12:15

ఈ యాప్‌వాళ్లు నిన్ను పోలీసులకు పట్టిస్తామంటారు, అరెస్టు వారెంటు అంటూ బొమ్మలు పంపుతారు. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు. నువ్వు పారిపోవాల్సిన పనేం లేదు. నేరం చేస్తున్నది వాళ్లు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఏ యాప్‌కూ ఇంక రూపాయి కట్టకు, ఇంకో యాప్ దగ్గర తీసుకోకు. మెసేజిలు, నంబర్లు, డబ్బు పంపిన రశీదులు స్క్రీన్‌షాట్లు తీసి ఒక చోట పెట్టు. ఆ తరవాతే ఫోను అనుమతులు తీసేసి యాప్‌లు తొలగించు. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించు, పొద్దున్నే సైబర్ క్రైమ్ పోలీసులను కలువు. రిజర్వు బ్యాంకు 2022లోనే స్పష్టంగా చెప్పింది, అప్పిచ్చే యాప్ నీ కాంటాక్టులు, ఫొటోలు ముట్టుకోకూడదు, అప్పు మొత్తం ఖర్చు ముందే ఒక కాగితంలో చూపించాలి. లైసెన్సు ఉన్న సంస్థ మనిషి అయినా ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరవాత వసూలుకు ఫోన్ చేయకూడదు. అలాంటి సంస్థ అయితే ముందు దానికే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు, 14448లో దారి చెబుతారు.

నాన్నగారికి నువ్వే చెప్పు, వాళ్ల మెసేజి వెళ్లకముందే. ఆ యాప్‌ల చేతిలో ఉన్న ఆయుధం నీ భయం ఒక్కటే.

మల్కాపురం కుర్రోడు
నవంబరు 6, ఉదయం 7:40

14416 వాళ్లు చాలాసేపు మాట్లాడారు. పొద్దున్న నాన్నకి చెప్పేశా. తిట్టారు. తరవాత చొక్కా వేసుకుని స్టేషనుకి పద అన్నారు. వెళ్తున్నాం.

పెందుర్తి టీచరమ్మ
నవంబరు 6, సాయంత్రం 6:30

బాబుకు మంచి నాన్న ఉన్నారు. సంతోషం.

గాజువాక చెల్లీ, ఫీజు గురించి. నవంబరులో స్కూలు మార్చొద్దు. ముఖ్యంగా తొమ్మిదిలో ఉన్న అమ్మాయిని. ఇద్దరూ కలిసి హెడ్‌మాస్టరు దగ్గరకు వెళ్లండి, క్లర్కుతో తేల్చుకోకండి. డ్యూటీలు తగ్గాయని రాసి, ఫీజును ఫిబ్రవరి దాకా నాలుగు వాయిదాలుగా కట్టనివ్వమని దరఖాస్తు ఇచ్చి, దాని మీద స్వీకరించినట్టు సంతకం తీసుకోండి. ఏడాది మధ్యలో పిల్లలు మానేయడం ఏ స్కూలుకూ ఇష్టం ఉండదు, చాలావరకు ఒప్పుకుంటారు. తల్లికి వందనం పథకం డబ్బు పిల్లలిద్దరికీ పడిందా? ప్రైవేటు స్కూలు పిల్లలకూ వర్తిస్తుంది, ఒక్కొక్కరికి 13 వేలు ఖాతాలో వేస్తారు. పడకపోతే సచివాలయంలో కారణం అడగండి. ఆధారు, బ్యాంకు ఖాతా కలవకపోవడం వల్ల ఆగిన కేసులు మా దగ్గరే చూశాను.

బాబును వచ్చే జూన్‌లో ఆరో తరగతికి ప్రభుత్వ హైస్కూలులో చేర్చే ఆలోచన చేయండి. దాన్ని తగ్గడంగా చూడకండి. ఒకసారి వెళ్లి తరగతిలో కూర్చుని చూసి నిర్ణయించుకోండి. పిల్లలకు కూడా ఇంట్లో డబ్బు తగ్గిందని చెప్పండి. తొమ్మిదో తరగతి పిల్లకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది, మీరు చెప్పకపోతే లోపల లోపల ఇంకా పెద్దది ఊహించుకుంటుంది.

సీతమ్మధార శ్రీమతి
నవంబరు 7, ఉదయం 11:00

మాకు తెలిసిన అమ్మాయి మిషను పని పెంచుకుందామని టెలిగ్రాములో "ఇంట్లో కూర్చుని సంపాదన" అన్నదాంట్లో డబ్బు కట్టింది, పోయింది. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు అడగడు, అది గుర్తుంచుకోండి. చెల్లీ, ఎం.వి.పి. కాలనీలో, మా వైపు జాకెట్టు కుట్టడానికి లైనింగుతో అయిదు వందలు తీసుకుంటున్నారు. గాజువాకలో మీకు ఎంత ఇస్తున్నారో నాకు తెలుసు. నా జాకెట్లు, మా అపార్టుమెంటు వాళ్లవి పోగుచేసి వారానికోసారి పంపిస్తాను. ఫాల్స్, పీకో కూడా చేస్తారా? సంక్రాంతి కుట్లు డిసెంబరులోనే మొదలవుతాయి.

గాజువాక గృహిణి
నవంబరు 16, రాత్రి 9:15

అందరికీ ఏం చెప్పాలో తెలియడం లేదు. జరిగింది రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

నర్సమ్మ గారు చెప్పినట్టు కాగితం పెట్టుకుని కూర్చున్నాం. తోటి ఫిట్టరు దగ్గర తెచ్చిన 15 వేలు బయటపడింది. ఏమీ అనలేదు, రాసుకున్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తరవాత మాట్లాడుతూనే ఉన్నారు.

బంగారం బ్యాంకులో పెట్టాం. అక్కడి అప్రైజరు ఒక్కో నగనీ గీటురాయి మీద గీసి, ఆ గీత మీద యాసిడ్ చుక్క వేసి చూశాడు. నెక్లెసులో రాళ్లు, లోపలి లక్క, నల్లపూసలు బరువులోంచి తీసేశాడు. 32 గ్రాములు తూగింది 28కి దిగింది. ఎవరైనా వెళ్లే ముందు ఇది తెలుసుకుని వెళ్లండి. నికర బరువు, క్యారెట్టు రాసిన కాగితం అడిగి తీసుకున్నాను. రెండు లక్షల పైన ఇస్తామన్నారు. లక్షన్నర చాలన్నాం, ఓవర్‌డ్రాఫ్టు పద్ధతిలో. నెలకు వడ్డీ 1,200 లోపు. కార్డు, పర్సనల్ లోను మూసేశాం, ముందే తీర్చినందుకు ఛార్జీ పడింది. ఆ కార్డును కత్తిరించి బ్యాంకుకు రద్దు ఉత్తరం కూడా ఇచ్చాం. మిగిలింది తోటి ఫిట్టరుకు.

చీటీ 11 వేలకు మాకే తెగింది, చిన్నాన్న సంతకం చేశారు. ఆ డబ్బు రాగానే నోటు అప్పుకు వెళ్తుంది. తరుగు పడే 11 వేలకు ఆ పెద్దమనిషి సంక్రాంతి దాకా గడువిచ్చారు.

నెలకు 22 వేలు బాకీలకు, అద్దెకు పోయేది 14 వేల లోపుకు వచ్చింది. ఇంకా ఇరుకే. కానీ నెలాఖరుకు ఎవరి ముందూ నిలబడక్కర్లేదు. శ్రీమతి గారూ, మీరు పంపిన జాకెట్లు గురువారానికి అయిపోతాయి.

బ్యాంకు మాస్టారు
నవంబరు 17, ఉదయం 6:05

చాలా మంచి పని చేశారమ్మా. ఓవర్‌డ్రాఫ్టు గడువు తేదీ క్యాలెండరులో ఎర్రగా రాసి పెట్టండి, దానికి నెల ముందే బ్రాంచికి వెళ్లండి. తొమ్మిది నెలల తరవాత చీటీ వాయిదా ఆగుతుంది కదా, ఆ అయిదు వేలు అప్పటి నుంచి నేరుగా బంగారం లోనులోకి పోవాలి. ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టకూడదు. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా మీ ఇద్దరికీ ఖాతాలో నడుస్తున్నాయో లేదో కూడా చూడండి. ఇరుకులో ఉన్న ఇల్లు ముందు ఆపేసేవి అవే, ఆపకూడనివీ అవే.

భీమిలి రోడ్డు చెల్లి
నవంబరు 18, రాత్రి 8:50

మా షెడ్డు మూసేశారు. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో చెప్పలేదు. నాకు కూలిలో ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కట్ అయ్యేది, మూడేళ్లుగా కార్డుంది. పని పోయాక ఆ కార్డు ఇంక పనికిరాదా? ఎవరో పని పోతే డబ్బిస్తారని కూడా అన్నారు.

కోర్టు వీధి ప్లీడరు
నవంబరు 18, రాత్రి 9:35

పనికొస్తుందమ్మా. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కనీసం 78 రోజులకు నీ పేరున కట్టి ఉంటే, వచ్చే జనవరి నుంచి జూన్ 30 దాకా వైద్యం హక్కు ఉంటుంది. నువ్వు విన్న డబ్బు కూడా నిజమే. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఉంది. నీ తప్పు లేకుండా పని పోయి, అంతకు ముందు బీమాలో తగినన్నాళ్లు ఉండి ఉంటే, సగటు రోజు కూలిలో సగం చొప్పున 90 రోజుల దాకా ఇస్తారు. జీవితంలో ఒక్కసారే. పని పోయిన 30 రోజుల తరవాత దరఖాస్తు పెట్టాలి.

ఈలోగా రెండు పనులు చెయ్యి. మూసేసిన రోజు తేదీ, నువ్వు చివరిగా పనిచేసిన రోజు తేదీ రాసి పెట్టుకో, వ్యానులో వచ్చే మిగతావాళ్ల చేత కూడా రాయించు. కార్డు నంబరుతో ఈఎస్ఐ పోర్టల్లోకి వెళ్లి నీ పేరున ఎన్ని రోజులు కట్టారో చూడు. జీతంలో కోసుకుని అక్కడ కట్టని చోట్లు ఉన్నాయి. రోజులు తక్కువ కనబడితే జీతం చీటీలు తీసుకుని నాకు మెసేజి పెట్టు, మీ అందరి తరఫునా ఒకే దరఖాస్తు రాసిస్తాను, ఫీజు ఏమీ లేదు.